పండక్కి రెడ్ వైన్ కొనబోతున్న మేనల్లుడికి

భీమవరం

ఒరే అబ్బాయ్,

సంక్రాంతికి మీ ఆఫీసు వాళ్లు ఊరొస్తున్నారనీ, వాళ్లకి బాగా దిట్టమైన రెడ్ వైన్ ఏది కొనాలో చెప్పమనీ అడిగావు. ఓడల్లో పనిచేసిన మావయ్యకి ఇవన్నీ తెలుస్తాయని నీ నమ్మకం. సరే, విను.

ధర చూడకముందు సీసా తిప్పి, ఏ ద్రాక్షలు కలిపారో చదువు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతం తరహా బ్లెండ్‌లో, అంటే ద్రాక్షల కలయికలో, కాబర్నే సావిన్యో, మెర్లో అనే ద్రాక్షలు ముఖ్యం. కాబర్నే పట్టునిస్తుంది, నాలుకా చిగుళ్లూ ఎండిపోయేంత వగరూ ఇస్తుంది. మెర్లో ఆ వగరుని మెత్తబరుస్తుంది. బోర్డోలో నదికి ఎడమగట్టు వాళ్లు కాబర్నే ఎక్కువ వేస్తారు, కుడిగట్టు వాళ్లు మెర్లో. మన తూర్పు, పశ్చిమ గోదావరి పంతాలు అక్కడా ఉన్నాయన్నమాట! ఇంకో తరహా జీఎస్ఎం: గ్రెనాష్, సిరా, మూర్వేద్ర్. గ్రెనాష్‌ది పండు రుచి, సిరాది ముదురు రంగూ మిరియాల ఘాటూ. షిరాజ్ అన్నా సిరాయే, కంగారుపడకు. మన దేశంలోవి కావాలంటే, నంది కొండల దగ్గర గ్రోవర్ జంపా వాళ్లు చేసే లా రిజర్వ్ కాబర్నే, షిరాజ్ కలిపిందే.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ నాటుకోడి కూరలో కారం ఏ లెక్కన వేస్తుందో నీకు తెలుసు. ఆ కారం పక్కన పధ్నాలుగున్నర శాతం ఆల్కహాల్, గట్టి వగరు ఉన్న వైన్ పెడితే నోరు మండిపోతుంది. అందుకే మెర్లోగానీ గ్రెనాష్‌గానీ ఎక్కువున్నది, 13.5 శాతం దగ్గర్లో ఉన్నది తీసుకో. కాబర్నే ఎక్కువున్న సీసాని కారం తగ్గించి చేసిన మటన్ వేపుడుకి దాచు. మాంసంలోని కొవ్వుకి వగరు అణుగుతుంది. చేపల పులుసు పక్కన మాత్రం ఇలాంటి రెడ్ వైన్ వద్దేవద్దు, నోట్లో ఇనుము రుచి వస్తుంది.

రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదని ఎవరో చెబుతారు. ఆ మాట చలిదేశాల గదులకి. వైన్ 16 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉండాలి, మన పండగ మధ్యాహ్నం ఎంతుంటుందో చూసుకో. పోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. లేత వైన్, అంటే ఈమధ్యే చేసినది అయితే, గాలి తగిలేలా గంట ముందే గాజు జగ్గులోకి వంచు. ఇత్తడి చెంబు మాత్రం వాడకు, పులుపుకి చిలుమెక్కుతుంది.

గ్లాసులో మూడో వంతే పోసి, తిప్పి, వాసన చూడు. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే కార్కు చెడగొట్టిందని అర్థం, ఆ సీసా పక్కన పెట్టేయ్. గుక్క నోట్లో కాసేపు ఉంచి మింగు. మింగాక కూడా రుచి నిలబడిందా, లేక వగరొక్కటే మిగిలిందా చూడు. నేను ఎంచేది దాన్నిబట్టే. గ్లాసు గోడల మీద జారే చారల్ని చూసి మురిసిపోయేవాళ్లుంటారు. అవి ఆల్కహాల్ ఎంతుందో చెబుతాయంతే.

మిగిలితే కార్కు బిగించి ఫ్రిజ్‌లో పెట్టు, రెండు మూడు రోజులు ఆగుతుంది. ఆ తర్వాత మటన్ ఇగురులో పోసెయ్యొచ్చు, మీ అమ్మనడిగి.

మీ మావయ్య