పీరింగ్ యాక్టివ్ అని చూపిస్తోంది, అయినా కనెక్షన్ టైమౌట్: ముందు రూట్ టేబుళ్లు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) మీ వీపీసీ, అంటే మీ ప్రైవేట్ నెట్‌వర్క్, ముంబై రీజియన్‌లో ఉంది, క్లయింట్‌ది హైదరాబాద్ రీజియన్‌లో, వేరే అకౌంట్. పైథాన్ స్క్రిప్టుతో పీరింగ్ (రెండు వీపీసీలని నేరుగా కలపడం) చేశారు, స్టేటస్ యాక్టివ్ అయింది. కానీ అటువైపు డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వబోతే టైమౌట్. సెక్యూరిటీ గ్రూపులు (ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే ఫైర్‌వాల్ రూల్స్) అందరికీ తెరిచేసినా మార్పు లేదు.

ముందు ఆ సెక్యూరిటీ గ్రూపుల్ని మళ్లీ మూసేయండి, దయచేసి. డేటాబేస్‌ని అలా వదిలేయకూడదు. పైగా మీ సమస్య అక్కడ ఉన్నట్టు లేదు.

నేను బెంగళూరులో ఇదే పని చేస్తుంటాను. క్లయింట్ల అకౌంట్లతో పీరింగ్ కలపడం మా టీమ్‌కి ఎప్పుడూ ఉండేదే. యాక్టివ్ అంటే రెండు వీపీసీల మధ్య దారి పడిందని మాత్రమే. ఆ దారిలో వెళ్లమని ప్యాకెట్‌కి చెప్పేది రూట్ టేబుల్. పీరింగ్ అడిగే క్రియేట్ కాల్, దాన్ని ఒప్పుకునే యాక్సెప్ట్ కాల్ రెండూ ఆ పని చేయవు. రెండు వైపులా విడిగా రూట్ వేయాల్సిందే: మీ టేబుల్‌లో వాళ్ల సీఐడీఆర్ (వీపీసీ ఐపీ అడ్రస్‌ల పరిధి), వాళ్ల టేబుల్‌లో మీ సీఐడీఆర్, రెండింటికీ టార్గెట్ ఆ పీరింగ్ ఐడీ.

"రూట్ వేశాం" అని అవతలివాళ్లు అన్నా నేను నమ్మి ఊరుకోను. ఒకసారి ఒక క్లయింట్ టీమ్ స్క్రీన్‌షాట్ కూడా పంపింది, రూట్ అందులో చక్కగా కనిపిస్తోంది. తీరా చూస్తే అది మెయిన్ రూట్ టేబుల్, అంటే వీపీసీకి డిఫాల్ట్‌గా ఉండేది. డేటాబేస్ ఉన్న సబ్‌నెట్‌కి (వీపీసీలో ఒక భాగం) విడిగా ఇంకో టేబుల్ తగిలించి ఉంది. సబ్‌నెట్‌కి సొంత టేబుల్ ఉంటే మెయిన్ టేబుల్‌తో దానికి సంబంధం ఉండదు. అందుకే వీపీసీని కాదు, సబ్‌నెట్ ఐడీని పట్టుకుని ఏపీఐని అడగండి. ఇక్కడ ఒక మెలిక ఉంది: సబ్‌నెట్ ఐడీతో ఫిల్టర్ చేస్తే ఒక్కోసారి ఖాళీ జాబితా వస్తుంది. దానర్థం టేబుల్ లేదని కాదు, ఆ సబ్‌నెట్ మెయిన్ టేబుల్‌నే వాడుతోందని. మీ స్క్రిప్ట్ ఈ రెండు సందర్భాల్నీ చూసుకోవాలి.

ఏ వైపు రూట్ లేదో తేల్చుకోవాలంటే వాళ్లని ఫ్లో లాగ్స్ (వచ్చీపోయే ట్రాఫిక్ రికార్డు) ఆన్ చేయమనండి. మీ ఐపీ నుంచి వచ్చిన ప్యాకెట్ అక్కడ యాక్సెప్ట్ అని పడి, మీకు మాత్రం టైమౌట్ వస్తుంటే తిరుగు దారి లేదన్నమాట. అసలు ఏమీ పడకపోతే మీ వైపే చూసుకోండి. టైమౌట్ బదులు 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వస్తే సంతోషించండి, ప్యాకెట్ వెళ్లి తిరిగి వస్తోందనే ఎక్కువగా అర్థం. అప్పుడు చూడాల్సింది డేటాబేస్‌నీ, పోర్టునీ.

మీది రెండు రీజియన్ల వ్యవహారం కాబట్టి అవతలి సెక్యూరిటీ గ్రూప్ ఐడీని మీ రూల్‌లో ఇవ్వడం కుదరదు, సీఐడీఆరే ఇవ్వాలి. పరీక్ష కూడా వీపీసీ లోపలి మెషీన్ నుంచే చేయండి. ఆఫీసు నుంచి సైట్-టు-సైట్ వీపీఎన్ మీదుగా వచ్చే ట్రాఫిక్ పీరింగ్ దాటి అవతలికి పోదు.

స్క్రిప్ట్ గురించి ఒక మాట. క్రియేట్ కాల్ ఐడీ ఇచ్చిందంటే పని అయిపోయినట్టు కాదు. సీఐడీఆర్‌లు ఒకదానిమీద ఒకటి పడితే ఐడీ వచ్చాక కూడా స్టేటస్ ఫెయిల్డ్‌కి వెళ్తుంది. రెండు వైపులా 172.31.0.0/16తో వచ్చే డిఫాల్ట్ వీపీసీలైతే ఇక కలవవు. ఐడీ వచ్చిన వెంటనే యాక్సెప్ట్ పిలిస్తే అటు రీజియన్‌లో అది ఇంకా కనిపించక 'నాట్ ఫౌండ్' ఎర్రర్ రావచ్చు, కాస్త ఆగి మళ్లీ పిలవాలి. ఏడబ్ల్యూఎస్‌కి పైథాన్ లైబ్రరీ అయిన బోటో3లో దీనికి వెయిటర్ (అది కనిపించేదాకా ఆగే ఫంక్షన్) ఉంది. యాక్సెప్ట్ కాల్ హైదరాబాద్ రీజియన్‌కి పెట్టిన బోటో3 క్లయింట్ ఆబ్జెక్ట్‌తోనే వెళ్లాలి. 7 రోజుల్లో ఒప్పుకోకపోతే రిక్వెస్ట్ ఎక్స్‌పైర్ అవుతుంది. పాత పీరింగ్ తీసేసి కొత్తది పెట్టి ఉంటే, పాత రూట్లు 'బ్లాక్‌హోల్' (ఎక్కడికీ చేరని దారి) అని టేబుల్‌లోనే మిగిలి ఉంటాయి. వాటిని కూడా మార్చాలి.

ఇవన్నీ చూశాక కూడా కదలకపోతే, రెండు సబ్‌నెట్‌ల రూట్ టేబుల్ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, అకౌంట్ నంబర్లు చెరిపేసి. చూసి చెప్తాను.