పాత ఫైలు మీద చెయ్యి వెయ్యకు

చి. అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. ఆ ఓపెన్ సోర్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఇంక్రిమెంటల్ అప్‌డేట్, అంటే మొత్తం ప్రోగ్రామ్ కాకుండా మారిన ముక్కలే పంపే ఏర్పాటు, పెట్టే పని నువ్వు నెత్తికెత్తుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంటి పిల్ల రాసింది ఎక్కడెక్కడో కొట్లలో నడుస్తుందంటే గర్వంగా ఉంది. ఆ వెంటనే భయమూ పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

కోడ్ మొదలుపెట్టకముందే ఆ ప్రాజెక్టు చూసుకునేవాళ్లతో మాట్లాడు. మార్పులు చిన్నచిన్నవిగా పంపు. తేడాలు కట్టే పద్ధతి సొంతంగా రాయాలని సరదా పడకు, రెండు వెర్షన్ల తేడాని ప్యాచ్‌గా, అంటే చిన్న దిద్దుబాటు ఫైలుగా, కట్టే బిఎస్‌డిఫ్ అనే ప్రోగ్రామ్‌ని కోలిన్ పెర్సివల్ 2003లోనే ఇచ్చాడు. ప్యాచ్ తయారుచేసేటప్పుడు అది మెమరీ బాగా తింటుంది గానీ అది నీ మెషిన్లో జరిగే పని, వాడేవాళ్ల దగ్గర అతికించడం తేలికే.

ఇక నా భయం సంగతి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటి సర్వీసు నేను చూసేవాణ్ణి. మంచి సీజన్లో ఒక కొట్టువాళ్లు బిల్లింగ్ ప్రోగ్రామ్‌కి వచ్చిన ప్యాచ్ నడిపారు. ఆ ప్యాచ్ పాత ఫైలు మీదే రాసుకుంటూ పోయే రకం. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు వచ్చి చూస్తే ప్రోగ్రామ్ సగం పాతది, సగం కొత్తది, తెరుచుకోదు. ప్యాచ్ మళ్లీ నడిపితే ‘ఇది పాత వెర్షన్ కాదు’ అని మొండికేసింది. వెనక్కి వెళ్దామంటే పాత ఫైలు లేదు, మొత్తం సెటప్ ఉన్న సీడీ ఆ కొట్లో లేదు. సరుకు అమ్ముకుని పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కోసం కూర్చున్న రైతులు గుమ్మం దాకా ఉన్నారు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లో కాగితం ఎక్కించే ఉంది. పల్నాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, లారీ వెళ్లిపోతుందని, నేను కీబోర్డు ముట్టుకున్నప్పుడల్లా ‘వచ్చిందా బాబూ’ అని లేచి నిలబడేవాడు. గుమాస్తా రాత్రి దాకా చేత్తో రాసిచ్చాడు. ఆ ప్యాచ్ రాసినవాళ్లకి ఆ పెద్దాయన ఉన్నాడనే తెలీదు.

అందుకని చెప్తున్నా, కోప్పడుతున్నాననుకున్నా సరే. పాత ఫైలు మీద ఒక్క బైటు కూడా రాయకు. ముందు ప్యాచ్ మీద డిజిటల్ సంతకం చూడు, అది నువ్వు పంపిందేనని తేలాలి. బిఎస్‌డిఫ్ ప్యాచ్‌ని అతికించే బిఎస్‌ప్యాచ్‌లోనే ఒకప్పుడు దొంగ ప్యాచ్ ఇస్తే మెమరీ హద్దు దాటి రాసే లోపం బయటపడింది. తర్వాత పాత ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటిది) సరిపోతేనే అతికించు, అదీ అదే పార్టిషన్లో పక్కన కొత్త ఫైలుగా. అతికిన దాని హ్యాష్ కూడా సరిపోవాలి. అప్పుడు ఎఫ్‌సింక్ చేసి డిస్కు మీదికి దించి, ఆఖర్న దానికి పాత ఫైలు పేరు పెట్టు, అంటే రీనేమ్ చెయ్యి. లైనక్స్‌లో ఆ రీనేమ్ జరిగితే పూర్తిగా జరుగుతుంది, లేకపోతే లేదు. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా మొత్తం డౌన్‌లోడ్‌కి వెళ్లాలి. ఏడాదిగా అప్‌డేట్ చెయ్యనివాడికి ప్యాచ్‌లన్నీ కలిపితే అసలు ఫైలు కంటే పెద్దవైపోవచ్చు, అలాగైతే వాడికీ మొత్తం ఫైలే ఇవ్వు. బిల్లుల డేటాబేస్‌లో టేబుళ్లు మారితే, ఆ మార్పు ఒకే ట్రాన్సాక్షన్లో ఉండాలి, జరిగితే అంతా జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు.

నేనైతే స్కూటరేసుకుని కొట్టుకి వెళ్లగలిగాను. నీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఏ ఊళ్లో ఉంటారో నీకు తెలీదు, వాళ్లకి నీ ఫోన్ నంబరూ తెలీదు. నువ్వు జాగ్రత్త గలదానివే తల్లీ, చిన్నప్పుడు లెక్క చేశాక రెండోసారి సరిచూసుకునేదానివి. ఇక్కడా అలాగే చెయ్యి.

టెస్టు బిల్డ్ తయారైతే ఆదివారం విజయవాడ నుంచి బస్సెక్కి వచ్చెయ్. బ్రాడీపేట ఇంట్లో యూపీఎస్ లేని పాత కంప్యూటర్ ఉంది. అప్‌డేట్ నడుస్తుండగా ప్లగ్ నేను పీకుతాను, మొదట్లో, మధ్యలో, రీనేమ్ దగ్గర. ఏమైందో నువ్వు రాసుకో. భోజనం మానేసి కోడ్ రాస్తున్నావని మీ అమ్మ బెంగపడుతోంది, మధ్యాహ్నానికి నీకూ వండమని పెద్దమ్మకి చెప్పాను.

పెదనాన్న
గుంటూరు