లవ్ బర్డ్ ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటే ముందుగా ఏం చేయాలి?

దుకాణదారు ఇచ్చిన ఆ పసుపురంగు పొడిని ఈ రాత్రికి పక్కన పెట్టండి. జడ్చర్ల నుంచి మీరు అడిగింది ఇదీ: రెండేళ్ళ బడ్జీ (మన దగ్గర లవ్ బర్డ్ అనేది దీన్నే) రెండు రోజులుగా ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటోంది, పగటిపూట కూడా కునికిపాట్లు పడుతోంది, గిన్నెలో గింజలు నిండుగానే ఉన్నాయి, ముక్కు పైన రంధ్రాలుండే భాగం ముదురు గోధుమరంగులో ఉంది, పక్షులమ్మే దుకాణదారు నీళ్ళలో కలపమని ఒక పొడి ఇచ్చాడు, వాడవచ్చా అని. నేను పశువైద్యుణ్ణి కాను. నల్లగొండలో పదకొండేళ్ళుగా బడ్జీలను పెంచుతున్నాను. కొన్నింటిని బతికించుకున్నాను, కొన్నింటిని పోగొట్టుకున్నాను, ఒకదాన్ని మాత్రం నా తొందరపాటు వల్లే పోగొట్టుకున్నాను. కాబట్టి వైద్యుడి దగ్గరకు చేరేదాకా పక్షి ప్రాణం నిలబెట్టడానికి పనికివచ్చే సంగతుల వరకే చెబుతాను.

ముందుగా పంజరం దగ్గరకు వెళ్ళి, గిన్నెలోని గింజల మీద మెల్లగా నోటితో ఊదండి. బడ్జీ గింజను ముక్కుతో ఒలిచి, లోపలి పలుకును మింగి, పొట్టును అదే గిన్నెలో వదిలేస్తుంది. అందుకే తిన్న గిన్నె కూడా పైనుంచి చూస్తే నిండుగానే కనిపిస్తుంది. 2019 డిసెంబరులో మా పెసర జబ్బుపడింది. అది ఆకుపచ్చని మగపక్షి, ఆ పేరు మా అమ్మాయి పెట్టింది. అప్పుడు నేను ఆ నిండు గిన్నెను చూసి మూడు రోజులు నిశ్చింతగా ఉన్నాను. నాలుగో రోజు మా అమ్మ బియ్యం చెరుగుతూ ఇటు చూసి, "గిన్నెల గింజ ఏడున్నదిరా, అంత పొట్టే గదా" అని ఆ గిన్నెను చేటలో వంపి రెండుసార్లు చెరిగింది. పొట్టంతా ఎగిరిపోయాక చేటలో పట్టుమని ఇరవై గింజలు కూడా మిగల్లేదు.

మీరు ఊదినప్పుడు పొట్టు ఎగిరిపోతే వెంటనే కొత్త గింజలు పోయండి. పొట్టు లేకుండా గింజలు నిజంగానే అలాగే ఉంటే పరిస్థితి ఇంకా తీవ్రమైనది, ఎందుకంటే ఇంత చిన్న పక్షి ఒక పూర్తి రోజు తినకుండా ఉండటమే ప్రమాదం. రెండింటిలో ఏదైనా సరే, పైన కట్టిన గిన్నెలను నమ్ముకోకుండా, పక్షి కూర్చున్న చోటే కాగితం మీద కొర్రలు చల్లి, నీళ్ళను ఒక సీసా మూతలో పోసి దాని పక్కనే పెట్టండి. మీ పాలమూరు వైపు కొర్రలు పండించే రైతులు తెలిసినవాళ్ళుంటే కంకులు అడిగి తెచ్చుకోండి. ఏమీ ముట్టని పక్షి కూడా కంకిని కళ్ళముందు పెడితే ఒక్కోసారి గీకడం మొదలుపెడుతుంది. కిరాణా దుకాణంలో దొరికే కొర్రబియ్యం పొట్టు తీసినవి, బడ్జీకి పొట్టుతో ఉన్నవే అలవాటు.

ఇక వెచ్చదనం. నా అనుభవంలో మొదటి రాత్రి పక్షిని నిలబెట్టేది ఇదే. బడ్జీ బరువు మామూలుగా 30 నుంచి 40 గ్రాములు, ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చిన్న ఒంట్లో అంత వేడి నిలుపుకోవడానికే అది తిన్నదానిలో చాలా భాగం ఖర్చవుతుంది. ఈకలు ఉబ్బించుకోవడమంటే వాటి మధ్య గాలిని పట్టి దుప్పటిలా కప్పుకోవడమే. ఆ వేడి బయటినుంచి మనం అందిస్తే మిగిలిన శక్తి జబ్బును తట్టుకోవడానికి పనికివస్తుంది. పంజరంలో ఒక పక్కన 28 నుంచి 30 డిగ్రీలు ఉండేటట్టు చూడండి. ఇప్పుడు ఇళ్ళలో ఉన్న ఎల్ఈడీ బల్బులు ఇందుకు పనికిరావు, వాటి నుంచి చాలినంత వేడి రాదు. పాతకాలపు 40 లేదా 60 వాట్ల ఫిలమెంట్ బల్బు కావాలి. కరెంటు సామాన్ల దుకాణంలో దొరక్కపోతే, కోళ్ళ ఫారాలకు సామాను అమ్మేచోట అడగండి, కోడిపిల్లలకు వేడి ఇవ్వడానికి వాడే బల్బులు ఉంటాయి. బల్బును పంజరం బయట, జానెడు దూరంలో, ఒక పక్కన మాత్రమే పెట్టి, వెనకా ముందూ గుడ్డ కప్పండి. గుడ్డ బల్బుకు తగలకూడదు. రెండో పక్క చల్లగా వదిలేయాలి, అప్పుడు ఎక్కువైతే పక్షే జరుగుతుంది. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని రొప్పుతుంటే వేడి ఎక్కువైందని గుర్తు. కరెంటు పోతే వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి పంజరానికి ఆనించి పెట్టవచ్చు.

ఆ పంజరాన్ని మాత్రం వెచ్చగా ఉంటుందని వంటింట్లో పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం అతిగా కాలితే వచ్చే ఆవిరికి బడ్జీ నిమిషాల్లో చనిపోగలదు. దోమల చుట్ట, సాయంత్రం వేసే ఊదు పొగ కూడా ఆ గదిలో వద్దు.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ముక్కు రంగు. రంధ్రాలున్న ఆ భాగం ఎదిగిన మగపక్షికి మామూలుగా నీలంగా, ఆడపక్షికి గోధుమరంగులో ఉంటుంది. కాబట్టి మీది ఆడపక్షి అయ్యే అవకాశమే ఎక్కువ. ఆడపక్షి అడుగున కూర్చుని తోకను పైకీ కిందికీ ఆడిస్తూ, ముక్కుతున్నట్టు కనిపిస్తూ, రెట్ట వేసేచోట వాచి ఉంటే, గుడ్డు లోపల ఇరుక్కుని ఉండవచ్చు. మగపక్షి తోడు లేకపోయినా బడ్జీ గుడ్డు పెడుతుంది, అందువల్ల ఒంటరి పక్షి కదా అని ఈ అనుమానాన్ని కొట్టిపారేయకండి. గుడ్డు ఇరుక్కుంటే రోజుల తరబడి ఆగే వీలుండదు, గంటల్లో వైద్యుడి దగ్గరకు చేర్చాలి. నూనె రాయడం, వేలితో నొక్కడం చేయకండి. లోపల గుడ్డు పగిలితే పక్షి దక్కకపోవచ్చు. పెంపుడు పక్షుల దుకాణాల్లో అమ్మే సముద్రపు నురుగు, అంటే కటిల్ బోన్, పంజరంలో ఎప్పుడూ ఉండాలి, కాని ఇరుక్కున్న గుడ్డును అది బయటకు తేలేదు. ఒకవేళ మీ పక్షి ముక్కు ఇదివరకు నీలంగా ఉండి ఇప్పుడు గోధుమరంగుకు మారి ఉంటే సంగతి వేరు. మగపక్షుల్లో అది వృషణాల కణితికి గుర్తు కావచ్చు. ఆ విషయం వైద్యుడికి తప్పకుండా చెప్పండి.

పొడి సంగతి. దుకాణాల్లో ఇచ్చే ఇలాంటి పసుపురంగు పొడులు తరచుగా టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్‌లు. బడ్జీ రోజుకు తాగేదే కొద్ది మిల్లీలీటర్ల నీళ్ళు, జబ్బుపడితే అదీ తగ్గుతుంది. నీళ్ళలో కలిపిన మందు ఎంత లోపలికి వెళ్ళిందో ఎవరూ లెక్క చెప్పలేరు. 2015లో మా మొదటి పక్షి చిట్టికి నేను అదే చేశాను. "ఏం గాదు సార్, నాలుగు దినాలు తాపుండ్రి, లేసి ఆడుతది" అని ఒకాయన ధైర్యం చెప్పాడు, నేనూ నమ్మాను. నీళ్ళు చేదుగా ఉన్నాయేమో, చిట్టి తాగడం మానేసింది. మూతలో నీళ్ళు తగ్గకపోవడం నేను రోజూ చూస్తూనే ఉండి కూడా దాని అర్థం గ్రహించలేదు. అయిదో రోజు తెల్లవారేసరికి చనిపోయి ఉంది. మందు దానికి పనికివచ్చేదో కాదో కూడా నాకు ఈనాటికీ తెలియదు. మనుషుల జ్వరం మాత్రలు అరగదీసి పోయడం, నోట్లో సిరంజితో నీళ్ళు పోయడం కూడా చేయకండి; ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

పెసర విషయంలో నేను చేసిన మంచి పని ఒక్కటే, బంగారం తూచే చిన్న డిజిటల్ తక్కెడ కొనడం. పక్షిని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రోజూ పొద్దున, తినకముందు తూచి కాగితం మీద రాశాను. మొదటి రోజు 27 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎంత ఉండేదో నాకు తెలియదు, కాని చేతిలో పట్టుకుంటే రొమ్ము మధ్య ఎముక చాకు అంచులా తగిలింది. అలా పట్టి చూడమని నేర్పింది మా దగ్గర నలభై ఏళ్ళుగా పావురాలు పెంచే ఒక చాచా. "సీనా మీద బొటనవేలు పెట్టు బేటా, అటూ ఇటూ కండ ఉండాలె" అని ఆయన తన పావురాన్ని నా చేతిలో పెట్టి చూపించాడు. దుకాణంలో ఎవరూ చెప్పని విషయం అది.

మా దగ్గర ఆదివారం సాయంత్రాలు ఒక టీ కొట్టు ముందు ఎనిమిది, పది మందిమి పక్షులవాళ్ళం కలుస్తాం. అక్కడ దొరికే సలహాల్లో సగం బంగారం, సగం విషం, రెండూ ఒకే ధీమాతో చెబుతారు. వెల్లుల్లి నీళ్ళు తాపమనేవాళ్ళున్నారు, వాము పొగ వేయమనేవాళ్ళున్నారు, చలికి రెండు చుక్కలు బ్రాందీ పోయమన్న పెద్దమనిషి కూడా ఉన్నాడు. అందుకని నేను ఒక నియమం పెట్టుకున్నాను. తోటి పెంపకందార్లను మందు పేరు అడగను. ఏ వైద్యుడు పక్షులను నిజంగా పట్టుకుని చూస్తాడు, రెట్టను పరీక్షించే సదుపాయం ఎక్కడుంది, మీ పక్షికి ఇలా అయినప్పుడు మొదట ఏం గమనించారు అని మాత్రమే అడుగుతాను. పెసర తల మీది ఈకలు జిగటగా అంటుకుపోతే, తోటి పక్షికి తినిపించడానికి కక్కుతోంది, ముద్దు చేస్తోంది అని అందరూ నవ్వేశారు. కాకటీల్ అనే జుట్టు చిలుకలు పెంచే ఒక కాలేజీ కుర్రాడు మాత్రం, "ముద్దుకైతే మెల్లగ తల ఊపి ముక్కుల పెడతది అన్నా, గిట్ల తల విదిలిస్తున్నదంటే వాంతే" అన్నాడు. అతను చెప్పిందే నిజమైంది. రెట్టలో అరగని గింజలు కూడా అప్పుడే నాకు కనిపించాయి.

హైదరాబాద్‌లో వైద్యుడు ఆ రెట్టను సూక్ష్మదర్శినిలో చూసి, కడుపులో పెరిగే ఒక రకం ఈస్ట్ అని చెప్పాడు. మాక్రోరాబ్డస్ అంటారు, పూర్వం బ్యాక్టీరియా అనుకుని మెగాబ్యాక్టీరియా అనేవారట. అది ఫంగస్ జాతిది కాబట్టి యాంటీబయాటిక్‌తో చావదు, ఆంఫోటెరిసిన్-బి అనే మందు రోజుకు రెండుసార్లు నెల రోజులు నోట్లో వేయాల్సి వచ్చింది. చిట్టికి ఇచ్చిన పొడే దీనికీ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. నెల తిరిగేసరికి కాగితం మీద 34 గ్రాములు రాశాను.

మీరు బయలుదేరే ముందు రెండు పనులు చేయండి. పంజరం అడుగున ఈ రాత్రి దినపత్రిక తీసేసి తెల్ల కాగితం పరచండి. మంచి రెట్టలో ఆకుపచ్చని లేదా గోధుమరంగు ముద్ద, తెల్లని సున్నం లాంటి భాగం, కొంచెం నీరు విడివిడిగా కనిపిస్తాయి. తెల్లభాగం పసుపు లేదా ఆకుపచ్చరంగుకు తిరిగితే కాలేయం మీద అనుమానం వస్తుంది. ఆ కాగితాన్నే వైద్యుడికి పట్టుకెళ్ళండి. ఫోనులో మాట్లాడేటప్పుడు లవ్ బర్డ్ అనకుండా బడ్జీ అనండి. మన దగ్గర అందరూ దీన్నే లవ్ బర్డ్ అంటారు గాని, ఆ పేరు అసలు ఆఫ్రికా నుంచి వచ్చిన వేరే పక్షిది, బరువులో దీనికంటే పెద్దది. మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది. కొందరు పక్షిని డాక్టరుకు చూపిస్తే అటవీశాఖవాళ్ళు పట్టుకుంటారని భయపడతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇంట్లో పెంచకూడనిది మన రామచిలుకను. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జీకి ఆ భయం లేదు.

రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల మీకు షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా వచ్చే దారిలోనే ఉంది. పక్షులను చూసేవారు ఏ వేళల్లో ఉంటారో ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. పెద్ద పంజరంతో బస్సు ఎక్కకండి. గాలి రంధ్రాలు పెట్టిన చెప్పుల డబ్బా అడుగున గుడ్డ పరచి, నాలుగు కొర్రలు చల్లి, పక్కన గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా పెట్టండి. చీకట్లో పక్షి తక్కువ బెదురుతుంది. కిటికీ పక్క సీటు వద్దు.

ఇంట్లో వేరే పక్షులుంటే దీన్ని వేరే గదిలో ఉంచండి. రెట్ట ఎండి ధూళి లేవకముందే తడిగుడ్డతో తుడవండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేతులు కడుక్కోండి. చిలుకజాతి పక్షుల నుంచి మనుషులకు సోకే సిటకోసిస్ అనే జబ్బు ఒకటుంది. ఈ రోజుల్లో మీకు గాని పిల్లలకు గాని జ్వరం, పొడిదగ్గు వస్తే, ఇంట్లో జబ్బుపడిన పక్షి ఉందని మీ డాక్టరుతో చెప్పండి.

పొద్దున తూచిన బరువు, తెల్ల కాగితం ఫొటో, తోక దగ్గర వాపు ఉందో లేదో ఇక్కడే రాయండి. అక్కడ వాపు కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా మొదటి బస్సుకే బయలుదేరండి.