ఆఫీసు ఈపీఏబీఎక్స్‌లో కొత్త కార్డు మనమే వేసుకోవచ్చా?

ప్రశ్న: డాబాగార్డెన్స్‌లో మా ఆఫీసు. ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే పెట్టె, అంటే ఈపీఏబీఎక్స్‌లో, ఎక్స్‌టెన్షన్లన్నీ (లోపలి ఫోను లైన్లు) నిండిపోయాయి. 8 లైన్ల కార్డు కొన్నాం, సిస్టమ్‌లో ఖాళీ స్లాట్ కూడా ఉంది. స్క్రూడ్రైవరుతో మేమే బిగించుకోవచ్చా, టెక్నీషియన్‌ను పిలవాలా?

బిగించుకోవచ్చు. కార్డు స్లాట్‌లోకి వెళ్లడానికి రెండు నిమిషాలు చాలు. అయితే దాన్ని దూర్చే ముందు సిస్టమ్‌ను ఆపాలి. నా భయమంతా అక్కడే. ఇరవై రెండేళ్లుగా విశాఖపట్నంలో నేను చేస్తున్న పని ఇదే. గాజువాక గోదాములు, సిరిపురం బ్యాంకులు, పాతనగరంలోని షిప్పింగ్ ఆఫీసులు, అన్నిచోట్లా నిచ్చెన వేసుకుని ఎక్కినవాణ్ణి. కార్డు వేయడంలో పాడైన సిస్టమ్‌లు తక్కువే. కార్డు కోసమని ఆపి, తిరిగి ఆన్ చేసేసరికి గతం మరిచిపోయిన సిస్టమ్‌లే నాకు ఎక్కువ ఎదురయ్యాయి.

ఒక సంగతి చెబుతాను. వన్‌టౌన్‌లో, పోర్టుకు దగ్గరలో, ఓడ సరకుల క్లియరింగ్ చేసే ఆఫీసు ఒకటి ఉంది. 32 ఎక్స్‌టెన్షన్ల సిస్టమ్. అచ్చం మీలాగే ఇంకో 8 కావాలన్నారు. శనివారం సాయంత్రం ఆఫీసు మూశాక వెళ్లాను. వెనకవైపు చిన్న గదిలో గోడకు బిగించి ఉంది. ఒకే కిటికీ, దాని రెక్క సరిగా పడదు, ఉప్పుగాలి నేరుగా లోపలికి వస్తుంది. ఆ సిస్టమ్‌ను ఏళ్ల తరబడి ఎవరూ ఆపలేదట. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12న ఊరంతా చీకటైపోయినా, జనరేటరు మీద ఇంటర్‌కామ్ నడుస్తూనే ఉందని వాచ్‌మన్ గర్వంగా చెప్పాడు. అంత గట్టి సిస్టమ్ అని నాకూ సంతోషం వేసింది.

పద్ధతి ప్రకారమే చేశాను. మొదట మెయిన్స్ స్విచ్ తీశాను. తరువాత బ్యాటరీ వైర్లు ఊడదీశాను. 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపితే 48 వోల్టులు. మెయిన్స్ ఒక్కటే తీసి ఊరుకుంటే ఆ 48 వోల్టులు లోపల అలాగే ఉంటాయి. అది తెలియక కరెంటున్న స్లాట్‌లోకి కార్డు దూర్చి కాల్చుకున్నవాళ్లను చూశాను. మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకుని కార్డు పెట్టి, స్క్రూలు బిగించి, ఆన్ చేశాను. పచ్చ దీపం వెలిగింది. రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వచ్చింది. కొత్త లైన్లు ఎనిమిదీ మోగాయి. సామాను సర్దుకుంటుండగా అనుమానం వచ్చి, మేనేజరు గది నంబరు నొక్కాను. గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో మోగింది.

గుండె జారిపోయింది. ప్రోగ్రామింగ్ మొత్తం పోయింది. ఎక్స్‌టెన్షన్ నంబర్లు, ఎవరికి ఎస్టీడీ ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, బయటి కాల్ ముందు ఎవరి దగ్గర మోగాలి, ఫ్యాక్సుకు ఏ లైను, అన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి స్థితికి వెళ్లిపోయాయి. మళ్లీ ఆపి, సిస్టమ్‌కు మెదడులాంటి సీపీయూ కార్డు బయటికి తీశాను. దాని మూలన రూపాయి బిళ్లంత బటన్ సెల్ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు జ్ఞాపకాన్ని నిలబెట్టేది అదే. 3 వోల్టులు ఉండాల్సింది, మల్టీమీటరులో అరవోల్టు కూడా చూపలేదు. సెల్‌ను పట్టుకునే రేకు మీద పచ్చటి చిలుము. వేలితో గీరితే పొడిగా రాలింది. సెల్ ఎప్పుడో చచ్చిపోయింది. సిస్టమ్ ఎప్పుడూ ఆగలేదు కనుక ఆ చావు ఎవరికీ తెలియలేదు. కరెంటు పోకుండా కాపాడిన జనరేటరే ఆ రోగాన్ని అన్నాళ్లూ దాచింది.

బ్యాకప్ ఉందా అంటే లేదు. అంతకుముందు పనిచేసిన టెక్నీషియన్ ఏ కాగితమూ వదిలి వెళ్లలేదు. రాత్రి తొమ్మిదింటికి ఆ ఆఫీసు ఆపరేటరమ్మకు ఫోను చేశాను. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. "కంగారు పడకు బాబూ, నా దగ్గర పుస్తకం ఉంది" అన్నారు. ఆదివారం పొద్దున్నే అల్లిపురం నుంచి ఆటోలో వచ్చారు. అట్ట వేసిన పొడుగు నోటుపుస్తకం అది. ప్రతి పేజీలో ఎక్స్‌టెన్షన్ నంబరు, ఎవరి సీటు, ఎండీఎఫ్ పెట్టెలో (ఫోను తీగలన్నీ వచ్చి కలిసే చోటు) ఎన్నో తీగల జత, ఎస్టీడీ ఉందా లేదా. మారిన ప్రతిసారీ పాతది ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన తేదీ వేసి కొత్తది రాశారు. ఎవరు చెప్పారమ్మా ఇలా రాయమని అని అడిగాను. "మీవాళ్లు వచ్చి మార్చి వెళ్లిపోతారు, మర్నాడు తిట్లు పడేది నాకు" అన్నారు. ఆవిడ చదువుతుంటే నేను ప్రోగ్రామింగ్ ఫోను మీద ఒక్కొక్కటే కొట్టాను. సాయంత్రం నాలుగుకు పూర్తయింది. సోమవారం ఆఫీసు తెరిచాక ఎవరికీ తేడా తెలియలేదు.

అందుకే చెబుతున్నాను, కార్డు సంగతి తరువాత చూడవచ్చు. ముందు ప్రోగ్రామింగ్ బ్యాకప్ తీయించండి. అది కుదరని పాత మోడల్ అయితే ప్రతి సీటు దగ్గరికీ వెళ్లి కాగితం మీద రాసుకోండి. సెల్ వోల్టేజి కొలిపించండి. కరెంటు ఉండగానే సెల్ మార్చవచ్చా లేదా అన్నది మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. కొత్త సిస్టమ్‌లు కొన్ని ప్రోగ్రామింగ్‌ను, కరెంటు లేకపోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో దాచుకుంటాయి. మీది అలాంటిదైతే ఈ భయం లేదు. అయినా రాసుకోవడం మానకండి.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ఇప్పుడు ఎక్కడ చూసినా ఆపరేటర్లను తీసేసి, "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే గొంతును పెడుతున్నారు. ఆ గొంతుకు ఏ వైరు ఎక్కడికి వెళ్లిందో తెలియదు. ఆపరేటరుతో పాటే ఆఫీసు ఫోన్ల చరిత్రంతా గేటు దాటిపోతోంది. సంవత్సరానికి ఒక కొత్త మేనేజరు వచ్చే ఆఫీసుల్లో ఆ నోటుపుస్తకం విలువ ఇంతని చెప్పలేను.

ఇక వైర్ల సంగతి. ఎండీఎఫ్ నుంచి కొత్త సీట్లకు కేబుల్ లాగాలి కదా, ఆ పని కరెంటు పనివాళ్లకు అప్పగించకండి. ఫాల్స్ సీలింగ్ పైన ఫోను వైరును కరెంటు వైరుతో కలిపి కట్ట కట్టేస్తారు. తరువాత ప్రతి ఫోనులోనూ తుమ్మెద రొదే. ఇంకో పాపం జతలు విడదీయడం. టెలిఫోను కేబుల్‌లో ప్రతి జతా మెలివేసి ఉంటుంది, రంగుల క్రమమూ ఉంటుంది. మీ 8 లైన్లు తెలుపు-నీలంతో మొదలై నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద దాటి, ఎరుపు-నీలం, ఎరుపు-నారింజ, ఎరుపు-ఆకుపచ్చతో ముగుస్తాయి. ఒక జతలో తీగ ఒకటి, పక్క జతలో తీగ ఒకటి తీసుకుని కలిపినా ఫోను మోగుతుంది. కానీ అకౌంట్స్‌వాళ్ల మాటలు స్టోర్స్‌వాళ్లకు వినిపిస్తాయి. ఎండీఎఫ్‌లో తీగలను బ్లేడ్లతో పట్టి ఉంచే పట్టీని క్రోన్ మాడ్యూల్ అంటారు, అందులో తీగను పంచింగ్ టూల్‌తోనే దిగ్గొట్టాలి. స్క్రూడ్రైవరుతో నొక్కితే ఆ బ్లేడు నోరు వదులవుతుంది. ఈ ఊరి ఉప్పుగాలికి ఆరు నెలల్లో గరగర మొదలవుతుంది.

కార్డు వేసే రోజుకు ఇంకో మూడు మాటలు. అన్ని కార్డులూ అన్ని స్లాట్లకూ సరిపోవు. పవర్ సప్లయి ఎన్ని కార్డులు మోయగలదో కూడా చూసుకోండి. వైజాగ్‌లో ఇంత తేమ ఉండగా స్టాటిక్ (రాపిడికి ఒంట్లో పుట్టే కరెంటు) ఎక్కడిది అని కుర్రవాళ్లు నాతో వాదిస్తారు. ఏసీ గదిలో గాలి పొడిబారుతుంది. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే మూడు వేల వోల్టుల దాకా ఉండాలి, చిప్ చావడానికి అందులో చిన్న వంతు చాలు. కార్డును అంచులు పట్టుకునే ఎత్తండి. ఇక ఆరుబయట నుంచి వచ్చే లైను, అంటే గేటు, వాచ్‌మన్ గది, పక్క బిల్డింగు, వీటికి ఎండీఎఫ్‌లో పిడుగు రక్షణ గొట్టాలు పెట్టించి, మంచి ఎర్తింగ్‌కు కలిపించండి. పిడుగుల కాలంలో నేను మార్చే కార్డుల్లో చాలావాటిని కాల్చింది గేటు లైనే.

మీ సిస్టమ్ మోడల్ ఏది, చివరిసారి ఎప్పుడు ఆపారు, సెల్ కొలిస్తే ఎన్ని వోల్టులు వచ్చాయి, ఈ మూడూ రాయండి. అప్పటిదాకా ఆ స్విచ్ ముట్టుకోకండి.