ఎన్ని చేతులున్నాయి నాకు?

ప్రశ్న: మేడమ్, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఆరేళ్ల సర్వీసు. ఆడవాళ్ల మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ అంటే 38 మంది పేషెంట్లకి ఇద్దరం. మొన్న వానాకాలంలో ఒక రాత్రి నాతో ఉన్న అమ్మాయి డెంగీ పేషెంటుని తీసుకుని ఐసీయూకి వెళ్లింది. అప్పుడే రెండు కొత్త అడ్మిషన్లు. పదిహేనో బెడ్ మీద పెద్దావిడ "అమ్మా, చెయ్యి లాగేస్తోంది" అని పిలుస్తూనే ఉంది. నాలుగోసారికి "ఎన్ని చేతులున్నాయి నాకు? కాసేపు నోరు మూసుకుని పడుకో" అని అరిచేశాను. వార్డంతా లేచి చూసింది. గంట తర్వాత వెళ్తే సెలైన్ నరంలోకి ఎక్కకుండా బయటికి పోయి, చెయ్యి మోచేతి దాకా వాచి ఉంది. ఆవిడ "నీకు పనెక్కువ తల్లీ" అంది, అంతే. అప్పటినుంచి డ్యూటీ అంటేనే టెన్షన్. నాలో జాలి చచ్చిపోయిందా?
- ఒక సోదరి, రాయలసీమ

జవాబు: నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. 34 ఏళ్లు వార్డుల్లో తిరిగి రిటైరైనదాన్ని.

జాలి సంగతి తర్వాత. ముందు చెయ్యి సంగతి. నరానికి పెట్టిన సన్నగొట్టం, క్యాన్యులా, తీసేసి, చెయ్యి ఎత్తులో పెట్టించావనే అనుకుంటున్నాను. ఉట్టి సెలైనైతే ఆ వాపు మామూలుగా ఒకట్రెండు రోజుల్లో దిగుతుంది. అందులో మందేదైనా కలిపి ఉంటే మాత్రం వెంటనే డాక్టరుకి చూపించాల్సిందే. ఇవన్నీ నీకు తెలుసు. ఎందుకు రాస్తున్నానంటే, ఆవిడ నాలుగుసార్లు పిలిచింది నిన్ను విసిగించడానికి కాదు, నీకు రిపోర్టు ఇవ్వడానికి. ఐసీయూలో అయితే మిషన్ కూస్తుంది, నువ్వు పరిగెత్తుతావు. జనరల్ వార్డులో ఆ కూత పేషెంటు నోట్లోంచే రావాలి. మనమేమో వినడాన్ని జాలి ఖాతాలో వేసి, తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అని పక్కన పెడతాం. అది బీపీ చూడటం లాంటిదే, డ్యూటీలో పనే.

ఈ మాట నాకు పుట్టుకతో తెలిసింది కాదు. 1986లో కోస్తాలో ఒక జిల్లా ఆసుపత్రిలో చేరాను. గాజు సిరంజీలు ఉడకబెట్టుకునే రోజులు. ఒక ముసలమ్మ "ఓ నర్సమ్మా" అని అయిదు నిమిషాలకోసారి పిలిచేది. నేను నడుస్తూనే "ఏంటి" అనేదాన్ని, జవాబు వచ్చేలోపు రెండు మంచాలు దాటిపోయేదాన్ని. చివరికి అటు చూడకుండా ట్రాలీని వేరే వైపు నుంచి తోసుకెళ్లాను. మా సీనియర్ కేరళ ఆవిడ, తెలుగు వచ్చీ రానట్టు ఉండేది. వెళ్లి మంచం దగ్గర వంగి అడిగింది. తడిగుడ్డ పెట్టినప్పుడు స్వీపరు ఆ ముసలమ్మ సంచిని ఇంకో మంచం కిందకి నెట్టేసింది, అదీ గొడవ. అందులో బియ్యం కార్డు, రెండొందల రూపాయలు. సంచి తెచ్చి తలగడ పక్కన పెడితే తెల్లారేదాకా పిలిస్తే ఒట్టు. అరనిమిషం పని. దాన్ని తప్పించుకోవడానికి నేను రెండు గంటలు తిరిగాను.

ఇంకోటి. "వస్తా, వస్తా" అనడం మానెయ్. "ఆ కొత్తావిడకి సూది చేసి పావుగంటలో నీ దగ్గరికే వస్తాను" అని చెప్పు. పావుగంట దాటితే దూరం నుంచే చెయ్యెత్తి చూపించు. ఆలస్యాన్ని ఓర్చుకుంటారు మనవాళ్లు, ఎప్పుడొస్తావో తెలియకపోతేనే మళ్లీ మళ్లీ పిలుస్తారు. డ్యూటీ ఎక్కగానే తిరిగే రౌండులో ప్రతి చేతినీ ఒకసారి తాకి చూడు. పక్కనున్న కూతురికో కోడలికో "ఇక్కడ వాచినా, మండుతోందన్నా నన్ను లేపినట్టు పిలువు" అని అప్పగించు. పేషెంటు వెంట వచ్చినవాళ్లని కసిరి బయటికి పంపడమే నేర్పారు మనకి.

ఇక 38 మందికి ఇద్దరు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో బోధనాసుపత్రి జనరల్ వార్డుకి ముగ్గురికి ఒక నర్సు, మామూలు ఆసుపత్రికి అయిదుగురికి ఒకరు. నవ్వొచ్చిందా? నాకూ వచ్చేది. కానీ ఆ రాత్రి ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఒక్కదానివే ఉన్నావో రిపోర్టు బుక్‌లో రాశావా? మేం డ్యూటీ రూములో గొణుక్కునేవాళ్లం తప్ప రాసేవాళ్లం కాదు. మే 12న, నర్సుల దినోత్సవం నాడు, ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మకి దండ వేసి కొవ్వొత్తులు వెలిగిస్తాం కదా, ఆవిడ క్రిమియా యుద్ధంలో దీపం పట్టుకుని తిరగడంతో ఆగలేదు. సైనికులు ఎంతమంది, దేనివల్ల చనిపోయారో లెక్కలు కట్టి ప్రభుత్వం ముందు పెట్టింది. మనకి దీపం ఒక్కటే గుర్తుంది.

అన్నట్టు, ఆ రాత్రి టిఫిన్ బాక్సు తెరిచావా? నేను మజ్జిగ సీసా ఒకటి డ్యూటీ రూములో ఎప్పుడూ ఉంచుకునేదాన్ని. ఖాళీ కడుపుతో ఉన్న రాత్రులే నా నోరు ఎక్కువ జారేది.

ఆవిడ "నీకు పనెక్కువ తల్లీ" అందని రాశావు. నువ్వేమన్నావో రాయలేదు. ఇంకా వార్డులోనే ఉంటే రేపే వెళ్లు. డిశ్చార్జి అయిపోతే ఓపీకి చూపించుకోవడానికి వచ్చిన రోజు వెతుక్కో. "ఆ రోజు అరిచాను, తప్పు నాదే" అను. కారణాలు చెప్పకు. అవి ఆవిడకి ముందే తెలుసు.