స్మోక్ చేసిన మాంసాన్ని గంటల తరబడి పక్కన పెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, స్మోకర్‌లో (పొగతో మెల్లగా వండే పొయ్యిలో) నాలుగు కిలోల మాంసం ముక్క వండి, మెత్తగా ఉండాలంటే రెస్ట్ ఇవ్వాలన్నారని, అంటే కోయకుండా కాసేపు వదిలేయాలన్నారని, ఫాయిల్ చుట్టి వంటగది గట్టు మీద ఐదు గంటలు ఉంచాం. రాత్రి 9కి తిన్నాం, తెల్లారేసరికి ముగ్గురికి కడుపులో మెలిపెట్టి ఒకటే విరేచనాలు. జ్వరం, వాంతులు లేవు, సాయంత్రానికి తగ్గిపోయింది. అంచుల్లో గులాబీ రంగుంది, సరిగ్గా ఉడకలేదేమో? ఫ్రిజ్‌లో ఇంకా కిలోన్నర ఉంది, తినొచ్చా?

జవాబు: రెస్ట్ ఇవ్వడం తప్పు కాదండీ, గట్టు మీద పెట్టడమే కొంప ముంచింది. స్మోకర్‌లోంచి తీసి వెంటనే కోస్తే రసమంతా చెక్క మీదకి కారిపోయి ముక్కలు పీచుపీచుగా మిగుల్తాయి, నేనూ ఆకలికి ఆగలేక ఒకసారి ఆ పని చేశాను. కాస్త చల్లారితే, మాంసంలోని కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ కరిగి తయారైన జిగురులాంటి జెలటిన్ చిక్కబడి రసాన్ని పట్టి ఉంచుతుంది.

ఇక కడుపు సంగతి. టెస్ట్ లేకుండా ఖాయంగా చెప్పలేను గానీ మీ లక్షణాలు చూస్తే నా అనుమానం క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా మీదే. దీని స్పోర్స్ (గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపం) వంట వేడికి చావవు, మాంసం 60 డిగ్రీల సెల్సియస్ కిందకి దిగి మెల్లగా చల్లారుతుంటే నిద్ర లేస్తాయి, 43–47 డిగ్రీల దగ్గరైతే దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. చెయ్యి పెట్టి చూసి "ఇంకా వెచ్చగానే ఉందిగా" అనుకుంటాం, దానికి కావాల్సింది ఆ వెచ్చదనమే! తిన్న 6 నుంచి 24 గంటల్లో మొదలై మామూలుగా ఒక రోజులో తగ్గిపోతుంది, మీకు జరిగిందీ అలాగే ఉంది.

ఈసారి ఇలా చేయండి. తీశాక పది పదిహేను నిమిషాలు ఆవిరి పోనిచ్చి, ఫాయిల్ చుట్టి, పైన రెండు టవల్స్ చుట్టి, వేడినీళ్లు పోసి పారబోసిన ఖాళీ ఐస్ బాక్స్‌లో పెట్టి మూతేయండి, ప్రోబ్ థర్మామీటర్ (మాంసంలోకి గుచ్చే సూది థర్మామీటర్) మాత్రం ముక్కలోనే ఉంచండి. పెద్ద ముక్క అలా రెండు మూడు గంటలు 60 పైనే నిలుస్తుంది. 60 కిందకి దిగిందా, ఇక రెస్ట్ అయిపోయినట్టే, రెండు గంటల్లోపు తినేయాలి, లేదంటే ముక్కలు చేసి లోతు తక్కువ డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టేయాలి. గది 32 డిగ్రీలు దాటి ఉక్కపోస్తుంటే ఒక్క గంటే టైమ్. మళ్లీ వేడి చేసేటప్పుడు లోపల 74 వరకూ రావాలి.

గులాబీ రంగు గురించి కంగారొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ మాంసానికి ఎరుపు రంగిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి అంచుల్లో ఆ రంగు వస్తుంది. ఉడికిందో లేదో రంగు చెప్పదు, థర్మామీటరే చెప్పాలి.

మళ్లీ ఎప్పుడైనా ఇలా అయితే ఓఆర్ఎస్ తాగండి, ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మింగకండి. విరేచనంలో రక్తం, బాగా జ్వరం, యూరిన్ తగ్గడం, కళ్లు తిరగడం ఉంటే ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లండి, చంటిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ల విషయంలో ఇంకా తొందరగా.

ఆ కిలోన్నర మాత్రం ప్రాణం ఉసూరుమన్నా పారేయండి. వేడి చేస్తే పెర్‌ఫ్రింజెన్స్ చావొచ్చు గానీ, చేతుల నుంచి అంటుకునే స్టాఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలిన టాక్సిన్ (విషం) ఉంటే ఎంత మరిగించినా పోదు.