ఆస్తి రాయించుకున్న కొడుకు చూడకపోతే తల్లి ఎవరిని ఆశ్రయించాలి?

ఇల్లు కొడుకు పేరిట గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన తల్లిని అతడు పట్టించుకోకపోతే, కోర్టు చుట్టూ తిరగకుండా న్యాయం పొందే మార్గం ఉందా అన్నది మీ ప్రశ్న. ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆమె ఆర్డీవో నేతృత్వంలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. న్యాయవాదిని పెట్టుకోవలసిన అవసరం లేదు. స్వయంగా వెళ్లలేని స్థితిలో ఉంటే, ఆమె అధికారమిచ్చిన వ్యక్తి గాని, స్వచ్ఛంద సంస్థ గాని ఆమె తరఫున దరఖాస్తు చేయవచ్చు. నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో పోషణ భత్యంపై నిర్ణయం వెలువడాలి. ఆ భత్యం గరిష్ఠంగా నెలకు 10,000 రూపాయలు.

ఆస్తి విషయంలో కీలకమైనది 23వ సెక్షన్. తనను పోషించాలన్న షరతుతో, ఈ చట్టం అమలులోకి వచ్చాక ఇచ్చిన ఆస్తి అయితే, ఆ షరతు తప్పినప్పుడు బదిలీని చెల్లనిదిగా ప్రకటించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. అయితే అలాంటి షరతు ఉన్నట్లు చూపించాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. నోటిమాట మీద నమ్మకంతో సంతకం చేసిన తల్లులు ఇక్కడే నష్టపోతున్నారు, నన్ను ఎక్కువగా బాధించేదీ ఇదే. కాబట్టి ఇంకా రిజిస్ట్రేషన్ కాని వారు ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవాలి.

దరఖాస్తు ఎలా చేయాలో తెలియకపోతే, వయోవృద్ధుల కోసం దేశమంతటా పనిచేస్తున్న ఉచిత హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.